పది డిగ్రీల దగ్గర ప్రాణం

నెత్తురు గొట్టంలోంచి సంచిలోకి దూకుతోంది.

గది చల్లగా ఉంది. స్పిరిట్ వాసన గుప్పుమంటోంది. స్టీలు బల్ల మీద వేటజాతి కుక్క ఒకటి వెల్లకిలా పడి ఉంది. పాతిక కిలోల దాకా ఉంటుంది. నిండు మత్తులో ఉంది. తొడ దగ్గర ధమనిలో ఒక గొట్టం, పక్కనే సిరలో మరొకటి, నోట్లోంచి ఊపిరి గొట్టం, చెవిలోపల కర్ణభేరిని తాకుతూ సన్నటి తీగ. ఆ తీగ చెప్పే కబురు ఒక్కటే. లోపల మెదడు ఎంత వెచ్చగా ఉందో.

ఒకరి చూపు రక్తపోటు గీత మీద. ఇంకొకరి చూపు స్టాప్‌వాచ్ మీద. గీత కుంగింది. ఇంకాస్త కుంగింది. గులాబీ రంగు నాలుక పాలిపోయింది. ఐదో నిమిషానికి గీత నేలకు కరుచుకుపోయింది.

గుండె ఆగింది.

బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా పోయే ప్రాణాన్ని పట్టి ఆపే చదువు చదివినవాళ్లే. ఛాతీ నొక్కడం, షాక్ ఇవ్వడం, నెత్తురు ఎక్కించడం వాళ్లకు నిద్రలో లేపినా వచ్చు. అయినా ఒక్క చెయ్యి కదల్లేదు. కావాలనే ఆగారు. ఒక నిమిషం గడిచింది. రెండో నిమిషం నడుస్తోంది. పుర్రె లోపల మాత్రం అప్పటికే ఏదో మొదలైపోయింది.

మనిషి మెదడు ఒంటి బరువులో రెండు శాతం. ఒంటికి అందే ఆక్సిజన్లో ఇరవై శాతం అదే తాగేస్తుంది. అంత తాగినా రేపటికని చుక్క కూడా దాచుకోదు. నెత్తురు ఆగిన పది, పదిహేను సెకన్లలో స్పృహ పోతుంది. నాలుగైదు నిమిషాలు దాటితే కణాలు చావడం మొదలవుతుంది. గుండెని మళ్లీ కొట్టించవచ్చు. ఊపిరితిత్తుల్లోకి గాలి కొట్టవచ్చు. చచ్చిన మెదడు కణాన్ని మాత్రం ఏ వైద్యుడూ లేపలేడు.

ఈ మాట పుస్తకంలో చదివి తెలుసుకున్నవాడు కాదు పీటర్ సఫార్.

*

1966. అమెరికాలోని పిట్స్‌బర్గ్.

అప్పటికే సఫార్ పేరు ప్రపంచమంతా మారుమోగుతోంది. 1924లో వియన్నాలో పుట్టి, యుద్ధం ముగిశాక అమెరికా చేరిన మత్తు డాక్టరు. 1950ల్లో బాల్టిమోర్‌లో అతను చేసిన ప్రయోగాలు వింటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. తమంతట తాము ముందుకొచ్చిన మనుషులకు మత్తిచ్చి, కండరాలు కదలకుండా మందిచ్చి, ఊపిరి ఆగిపోయేలా చేసి, పక్కవాళ్ల చేత నోట్లో నోరు పెట్టి గాలి ఊదించాడు. ఊదిన గాలి సరిపోతుందని రుజువు చేశాడు. మనం సీపీఆర్ అంటున్నదానికి పునాది వేసినవాళ్లలో అతను ముందువరసలో ఉంటాడు.

అలాంటి మనిషి కూతురికి ఆస్తమా. పేరు ఎలిజబెత్. చిన్నపిల్ల. ఆ ఏడాది ఒకరోజు ఊపిరి బిగుసుకుపోయింది. ఎంతకీ వదల్లేదు. ఆసుపత్రిలో గుండె మళ్లీ కొట్టుకుంది. ఊపిరి ఆడింది. మంచం పక్కన నిలబడ్డ తండ్రి చదువుకున్న చదువంతా, ప్రపంచానికి నేర్పిన చదువంతా పనిచేసింది, అన్నీ తిరిగి వచ్చాయి, ఒక్క పిల్ల తప్ప.

ఆక్సిజన్ అందని ఆ కాసేపట్లో మెదడు వెళ్లిపోయింది.

అప్పటిదాకా గుండె, ఊపిరితిత్తులు అంటూ వచ్చిన సఫార్ ఆ తర్వాత మూడో మాట చేర్చాడు. మెదడు. గుండెను లేపడం వైద్యం కాదు, మెదడుతో సహా మనిషిని లేపితేనే వైద్యం అని బతికినన్నాళ్లూ వాదించాడు. మరుసటి ఏడాది పిట్స్‌బర్గ్‌లోని హిల్ డిస్ట్రిక్ట్ నుంచి, పనీపాటా దొరకని నల్లజాతి యువకులను తీసుకుని తర్ఫీదిచ్చి, ఫ్రీడమ్ హౌస్ అంబులెన్స్‌లో నిలబెట్టాడు. రోగిని ఎత్తి బండిలో పడేసుకుని పరిగెత్తే రోజుల్లో, బండిలోనే వైద్యం మొదలుపెట్టిన తొలి జట్లలో అది ఒకటి.

అయితే ఎంత వేగంగా పరిగెత్తినా అందని చావు ఒకటుందని అతనికి చెప్పడానికి ఇంకొకరు వచ్చారు.

*

రొనాల్డ్ బెల్లమీ. అమెరికా సైన్యంలో సర్జన్.

అతని బల్ల మీద ఉన్నవి వియత్నాం యుద్ధంలో చనిపోయిన సైనికుల లెక్కలు. ఎవరికి ఎక్కడ గుండు తగిలింది, ఎంతసేపు బతికారు, ఏ గాయం చంపింది. తిరగేస్తున్నకొద్దీ ఒకే సంగతి మళ్లీ మళ్లీ ఎదురైంది. చాలామంది చచ్చింది గాయంతో కాదు, ఆ గాయంలోంచి పోయిన నెత్తురుతో. ఛాతీలోనో పొట్టలోనో తెగిన నాళం ఆపరేషన్ బల్ల మీద కుట్టదగ్గదే. కుట్టడానికి గంట కావాలి. సైనికుడి దగ్గర ఉన్నది నిమిషాలు. హెలికాప్టర్ రెక్కలు పొలాల మీద గడ్డిని వంచుతూ దిగేసరికి కుర్రాడు వెళ్లిపోయి ఉండేవాడు.

1984 ప్రాంతంలో సఫార్, బెల్లమీ ఈ సంగతే ముందేసుకుని మాట్లాడుకున్నారు. గాయాన్ని వేగంగా కుట్టలేం. నెత్తురు అంత త్వరగా ఎక్కించలేం. మరి గడియారాన్నే ఆపగలిగితే? నెత్తురు లేకపోయినా, గుండె ఆగిపోయినా, మెదడు చావకుండా గంటో రెండు గంటలో అలా నిలిపి ఉంచగలిగితే? ముందు కుట్టి, తర్వాత లేపితే?

ఆ రోజుల్లో అది పిచ్చి ఊహలా వినిపించేది. కానీ సఫార్ దగ్గరున్న శామ్యూల్ టిషర్మన్ అనే కుర్ర డాక్టర్‌కి అలా వినిపించలేదు. అతని కళ్లలో ఒక రాత్రి ఉండిపోయింది.

డాక్టరుగా తొలిరోజుల్లో జరిగింది. బౌలింగ్ ఆడే చోట బూట్ల విషయంలో ఇద్దరికి మాటా మాటా పెరిగింది. కత్తి గుండెలో దిగింది. పడినవాడు కుర్రాడు. కొన్ని నిమిషాల ముందు దాకా ఏ జబ్బూ లేదు. ఆసుపత్రికి తెచ్చారు, ఛాతీ తెరిచారు, గాయం కళ్ల ముందే ఉంది, కుట్టగలిగిన గాయమే, చేతుల్లో సూదీ దారం ఉన్నాయి, లేనిది కాలం ఒక్కటే. కుర్రాడు పోయాడు. ఇంకొంచెం సమయం చిక్కి ఉంటే దక్కేవాడన్న మాట టిషర్మన్ ఆ తర్వాత ఎన్నో ఏళ్లు చెప్పాడు.

కాలం కొనాలి. ఎక్కడ దొరుకుతుంది?

*

చలిలో.

ఒంటి వేడి పది డిగ్రీలు దించితే మెదడు ఆక్సిజన్ ఆకలి సగానికి పైగా పడిపోతుంది. ఇంకో పది దించితే మళ్లీ అందులో సగానికి పైగా. గుండె సర్జన్లకు ఇది 1950ల నుంచీ తెలుసు. పిల్లల గుండెల్లో రంధ్రాలు కుట్టడానికి వాళ్లు ఒంటిని చల్లబరిచేవారు. అయితే వాళ్ల రోగి పడక మీద సిద్ధంగా ఉంటాడు. ముందు చల్లబరిచి, తర్వాత నెత్తురు ఆపుతారు. కత్తిపోటు తిన్నవాడికి ఆ వరస తలకిందులు. నెత్తురు ముందే పోతుంది.

పోయాక చల్లబరిస్తే పనిచేస్తుందా?

టిషర్మన్, సఫార్ కుక్కల మీద మొదలుపెట్టారు. నెత్తురు తీసి షాక్‌లోకి పంపి, గుండె-ఊపిరితిత్తుల యంత్రం పెట్టి చల్లబరిచి, గంటసేపు అలా ఉంచి, మళ్లీ వెచ్చబరిచారు. 1990లో ఫలితం అచ్చయింది. కుక్కలు లేచాయి. ఆశ పుట్టింది. వెంటనే అడ్డుగోడ కూడా కనబడింది. ఆ యంత్రం తగిలించడానికే బోలెడంత సమయం పడుతుంది. నెత్తురు కారిపోతున్నవాడికి అంత సమయమే ఉంటే ఈ గొడవంతా ఎందుకు?

ఇంకో గోడ కంటికి కనబడనిది. అది పుర్రె లోపల ఉంది.

గుండె తిరిగి కొట్టుకున్నాక కుక్క బాగానే కనిపిస్తుంది. రక్తపోటు నిలబడుతుంది. ధమనిలో నెత్తురు ఎర్రగా, ఆక్సిజన్‌తో నిండుగా ఉంటుంది. తెర మీద అంకెలన్నీ నిమ్మళంగా ఉంటాయి. మరి కొన్ని కుక్కలు ఎందుకు లేవడం లేదు? లేచినవి ఎందుకు గోడకు గుద్దుకుంటున్నాయి?

సఫార్ బృందం ధమనిని వదిలి, మెదడు నుంచి బయటికి వచ్చే దారిని పట్టుకుంది. నడినెత్తి కింద, మెదడు పైన, ముందునుంచి వెనక్కి పెద్ద సిర ఒకటి సాగుతుంది. మెదడు వాడుకుని వదిలేసిన నెత్తురు అందులో చేరుతుంది. అక్కడికి సన్నటి గొట్టం దించారు. లోపలికి వెళ్లే నెత్తురులో ఆక్సిజన్ ఎంత? బయటికి వచ్చేదాంట్లో ఎంత? తేడా ఎంత ఉంటే మెదడు అంత లాక్కున్నట్టు. గంట గంటకూ నెత్తురు తీశారు. గంట గంటకూ లెక్క కట్టారు.

లెక్క చూసి ఉలిక్కిపడ్డారు.

గుండె లేచాక గంటలు గడిచినకొద్దీ మెదడుకు వెళ్లే నెత్తురు తగ్గిపోతోంది. ధమనిలో ఆక్సిజన్ నిండుగానే ఉంది. సిరలో మాత్రం అడుగంటిపోతోంది. అంటే వచ్చిన కాస్త నెత్తురునీ మెదడు పిండుకుంటోంది, ఇంకా కావాలంటోంది, రావడం లేదు. పైన మానిటర్లన్నీ అంతా బాగుందని చెబుతున్న గంటల్లోనే లోపల మెదడు పస్తులుంటోంది. 1994లో అచ్చయిన ఆ పరిశోధన చెప్పింది ఇదే. గుండె ఆగినప్పుడే కాదు, లేచాక కూడా మెదడు చస్తోంది.

ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. ఆసుపత్రిలో వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్ మనందరికీ తెలిసిందే, కోవిడ్ రోజుల్లో ఇంటింటికీ వచ్చింది. అది నాడి కొట్టుకుంటేనే అంకె చూపిస్తుంది. నెత్తురు బాగా పోయినవాడి వేళ్లు చల్లబడతాయి, నాడి అందదు, క్లిప్ మూగబోతుంది. సరిగ్గా అవసరమైన వేళకే. చూపించినా అది చెప్పేది వేలి సంగతి, మెదడు సంగతి కాదు. పుర్రెలోకి గొట్టం దించకుండా లోపలి ఆక్సిజన్‌ను చూసే దారి 1977లోనే తెరుచుకుంది. డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఫ్రాన్స్ యోబ్సిస్ అనే శాస్త్రవేత్త కంటికి కనబడని పరారుణ కాంతిని పిల్లి తల గుండా పంపి, అవతలికి వచ్చిన వెలుగును పట్టి, మెదడులో ఆక్సిజన్ పెరుగుదల తరుగుదల చదివాడు. ఎముకా చర్మమూ ఆ వెలుగును ఆపలేకపోయాయి. నుదుటికి అంటించే ఈనాటి పట్టీలన్నీ ఆ ప్రయోగం పిల్లలే. వాటికి నాడితో పనిలేదు.

పిట్స్‌బర్గ్ బృందానికి శత్రువు ఎవరో ఇప్పుడు తెలిసింది. ఆయుధం తెలియలేదు.

మందులు పట్టారు. ఒకటి కాదు, పద్నాలుగు రకాలు. మెదడు కణాన్ని కాపాడతాయని పేరున్నవన్నీ ధమనిలోకి పంపి చూశారు. ఒకటి విఫలం. రెండోది విఫలం. నెలల తరబడి చేసిన పని మూడు రోజుల్లో తేలిపోయేది, కుక్క లేవనప్పుడు. చివరికి టెంపాల్ అనే ఒక్క మందు కాస్త మేలు చేసిందనిపించింది. అంతే. మిగతా పదమూడూ చెత్తబుట్టలోకి.

అలసిపోయి వాళ్లు మొదటికే వచ్చారు. చలి. కానీ ఈసారి చల్లబరచడానికి ఆ పెద్ద యంత్రం లేకుండా. ఒక్క గొట్టం, మంచుచల్లని ఉప్పునీళ్లు, ఒక పంపు. అంతే.

*

ఆ చల్లటి గదిలో రెండో నిమిషం నిండింది.

బెలూన్ తొడిగిన గొట్టం తొడలోంచి పైకి బృహద్ధమనిలోకి చేరి ఉంది. పంపు తిరిగింది. రెండు డిగ్రీల సెలైన్ గుండె వైపు, మెదడు వైపు దూసుకెళ్లింది. నెత్తురు ఉండాల్సిన నాళాల్లో ఉప్పునీళ్లు పరిగెడుతున్నాయి. సంచి మీద సంచి ఖాళీ అవుతోంది, కింద నేల మీద చెమ్మ చేరుతోంది, గొట్టాల మీద నీటి బిందువులు వేలాడుతున్నాయి, చేతి తొడుగుల్లో వేళ్లు కొంకర్లు పోతున్నాయి, అందరి కళ్లూ మాత్రం చెవిలోని ఆ సన్నటి తీగ చూపించే అంకె మీదే అతుక్కుపోయాయి.

ముప్పై. ఇరవై ఐదు. ఇరవై.

ఇరవై దగ్గర ఆపి చూశారు కొన్ని కుక్కల్లో. గంట తర్వాత లేపితే అన్నీ బాగా లేవలేదు. ఇంకా దిగాలి. వియన్నా నుంచి వచ్చిన విల్హెల్మ్ బెరింగర్ నడిపిస్తున్న ప్రయోగం ఇది. ఎంత లోతుకు దిగితే మెదడు నిలుస్తుందో తేల్చాలి. పదిహేను. పన్నెండు.

పది.

పంపు ఆగింది. గది ఒక్కసారిగా చప్పబడింది. బల్ల మీద ఉన్నదానికి నాడి లేదు. ఊపిరి లేదు. నెత్తురు లేదు. మెదడులో కరెంటు గీత లేదు. ఏ ఊరి ఏ డాక్టర్ వచ్చి చూసినా చచ్చిపోయిందనే రాస్తాడు. వాళ్లు మాత్రం కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. గంట ఆగాలి. కొన్నింటికి గంటన్నర. కొన్నింటికి రెండు గంటలు.

రెండు గంటలు! మామూలుగా నాలుగైదు నిమిషాలు దాటితే చేతులెత్తేసే చోట.

గడువు ముగిసింది. గుండె-ఊపిరితిత్తుల యంత్రం ఇప్పుడు తిరిగింది. దాచిన నెత్తురు, అదే కుక్క నెత్తురు, వెచ్చబడుతూ తిరిగి ఒంట్లోకి నడిచింది. ఉప్పునీళ్లను తోసుకుంటూ. పాలిపోయిన నాలుక మీదికి గులాబీ ఛాయ పాకింది. తెర మీద గీత వణికింది. గుండె గిలగిల్లాడింది. షాక్. మళ్లీ చూశారు. ఒక కొట్టుకోవడం. ఆగి, ఇంకొకటి. తర్వాత వరసగా.

గుండె లేచింది. కానీ ఈ గదిలో దానికి ఎవరూ చప్పట్లు కొట్టరు. గుండె లేవడం ఇంతకుముందూ చూశారు.

పన్నెండు గంటలు ముప్పై నాలుగు డిగ్రీల దగ్గర ఉంచారు, మెదడు పస్తులుండే ఆ ప్రమాదకరమైన గంటల్లో దాని ఆకలి తగ్గించడానికి. ఇరవై గంటల దాకా వెంటిలేటర్ మీద. ఆ తర్వాత గొట్టాలు ఒక్కొక్కటే తీశారు. రాత్రీ పగలూ ఎవరో ఒకరు పక్కనే. ఒళ్లు తిప్పుతూ, తుడుస్తూ, పలకరిస్తూ. మనుషుల ఐసీయూలో ఏం చేస్తారో అదంతా చేశారు. డెబ్బైరెండో గంటకు పరీక్ష. ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. ఒకటంటే మామూలు కుక్క. నాలుగంటే కోమా. ఐదంటే చావు.

తలుపు తీశారు.

గంటసేపు చచ్చి పది డిగ్రీల దగ్గర ఉన్న కుక్క లేచి నిలబడింది. నడిచింది. పిలిస్తే తల తిప్పింది. తిండి తింది. గంటన్నర ఉన్నది కూడా. రెండు గంటల దగ్గరికి వచ్చేసరికి కొన్ని నిక్షేపంగా ఉన్నాయి, కొన్ని తడబడ్డాయి. హద్దు ఎక్కడుందో అప్పుడు తెలిసింది. ఈ ఫలితం 2003లో అచ్చయింది. ఆ పత్రం పేరులోనే అరవై నుంచి నూట ఇరవై నిమిషాల చావు తర్వాత మెదడు దెబ్బతినకుండా బతకడం అన్న మాట ఉంది.

ఇక దాచకుండా చెప్పాల్సిన సంగతి. తోక ఊపిన ఆ కుక్కల్ని ఆ తర్వాత మళ్లీ మత్తులోకి పంపారు. ఈసారి లేపలేదు. నడిచినంత మాత్రాన మెదడు బాగుందనడానికి లేదు. లోపల ఎన్ని కణాలు చచ్చాయో సూక్ష్మదర్శిని కింద పెట్టి లెక్కపెట్టాలి. అందుకు మెదడు కావాలి. రెండుసార్లు చచ్చిన జీవాలు అవి. వాటికి ఈ కథలో పేర్లు లేవు. వాటి రుణం మాత్రం ఉంది, చాలా పెద్దది. జంతువుల మీద ప్రయోగాలు వద్దనేవాళ్ల బాధ నిజమైనదే. ఆ బాధను తేలిగ్గా తీసిపారేసేవాళ్లు ఈ గదిలోకి రాకూడదు.

*

2003 ఆగస్టులో పీటర్ సఫార్ కన్నుమూశాడు. కుక్కలు లేచాయని తెలుసుకుని వెళ్లాడు. మనిషి లేవడం చూడలేదు.

2005 జూన్. వేసవి. ఉన్నట్టుండి ప్రపంచమంతా పత్రికల్లో, ఇంటర్నెట్‌లో ఒకటే శీర్షిక. జాంబీ కుక్కలు! చచ్చిన శవాలను లేపుతున్న పిచ్చి శాస్త్రవేత్తలంటూ కథనాలు. ఇరవై ఏళ్ల కష్టం ఒక్క వారంలో దెయ్యాల కథైపోయింది. నిజానికి అక్కడ శవం లేవలేదు. చావు అనే పని మధ్యలో ఆగింది, అంతే. ఆ తేడా చెప్పడానికి నాలుగు వాక్యాలు చాలు. ఆ నాలుగు వాక్యాలు రాయడానికి ఎవరికీ తీరిక దొరకలేదు.

అయినా ఒక ప్రశ్న న్యాయమైనదే. లేచిన మెదడు మునుపటి మెదడేనా? నడవడం సరే, గుర్తుంటుందా?

జవాబు పందులు అప్పటికే చెప్పి ఉన్నాయి. సర్జన్ హసన్ ఆలం, తోటివాళ్లు కలిసి ఒక పరీక్ష పెట్టారు. ఒక రంగు పెట్టెలో తిండి ఉంటుంది, మిగతా వాటిలో ఉండదు. ఏ రంగులో ఉందో పంది నేర్చుకోవాలి. తర్వాత పెద్ద రక్తనాళం తెంచి, నెత్తురు పోనిచ్చి, చల్లటి ద్రవం నింపి, గుండె ఆపి, లేపారు. లేచిన పంది పెట్టెల ముందుకు వచ్చింది. ఆగింది. మూతి చాచింది.

సరైన పెట్టెనే తోసింది. నేర్చుకున్నది పోలేదు. కొత్తవి నేర్చుకోవడం కూడా తగ్గలేదు.

పిట్స్‌బర్గ్‌లో టిషర్మన్ బృందం అక్కడితో ఆగలేదు. చల్లటి నీళ్లు మెదడు ఆకలిని తగ్గించాయి గానీ పూర్తిగా చంపలేదు. పది డిగ్రీల దగ్గర కూడా కొంచెం ఆక్సిజన్ కావాలి. అయితే ఆ నీళ్లలోనే ఆక్సిజన్ కలిపి, గ్లూకోజ్ కలిపి పంపితే? పంపారు. 2008లో ఫలితం వచ్చింది. నెత్తురు పోయి గుండె ఆగిన మూడు గంటల తర్వాత లేపినా కుక్కల మెదడు నమ్మకంగా కోలుకుంది. మూడు గంటలు. తెగిన నాళం కుట్టడానికి ఒక సర్జన్‌కు ఇంతకన్నా ఏం కావాలి?

ఇక మిగిలింది మనిషి.

*

నెత్తురు పోయి గుండె ఆగిన మనిషిని సంతకం పెట్టమని అడగలేం. ఇంటివాళ్లు వచ్చేదాకా ఆగలేం. మరి అనుమతి ఎవరివ్వాలి? అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఒక ప్రత్యేక మార్గం ఒప్పుకుంది. ముందుగా ఊరందరికీ చెప్పాలి. సభలు పెట్టాలి. వద్దనుకున్నవాళ్లకు వద్దని రాసిన చేతి పట్టీ ఇవ్వాలి. అది కట్టుకున్నవాళ్ల జోలికి పోకూడదు. పదిమందికి ఈ చల్లబరిచే పద్ధతి, మరో పదిమందికి మామూలు వైద్యం. 2014లో పిట్స్‌బర్గ్‌లో తలుపు తెరిచారు.

తర్వాత టిషర్మన్‌తోపాటు ప్రయోగం బాల్టిమోర్‌కు మారింది. మేరీలాండ్ విశ్వవిద్యాలయం షాక్ ట్రామా సెంటర్. తుపాకీ గుళ్లు, కత్తిపోట్లు రాత్రీ పగలూ ఆ తలుపులోంచి లోపలికి వస్తాయి. సఫార్ మనుషుల నోట్లో గాలి ఊదించి చూసిన ఊరే అది. ఇలాంటి గాయంతో గుండె ఆగి వచ్చినవాళ్లలో నూటికి ఐదుగురు కూడా మిగలరు.

ఒకరోజు ఒకరు వచ్చారు. గుండె ఆగి ఉంది. ఛాతీ తెరిచారు, మామూలుగా చేసేవన్నీ చేశారు, గుండె లేవలేదు. బృహద్ధమనిలోకి గొట్టం వెళ్లింది. మంచుచల్లని సెలైన్ మెదడు వైపు పరిగెత్తింది. పిట్స్‌బర్గ్ గదిలో కుక్క ఒంట్లో నడిచిన దారే, ఈసారి మనిషి ఒంట్లో. మెదడు పది, పదిహేను డిగ్రీల మధ్యకు దిగింది. నాడి లేని, ఊపిరి లేని మనిషిని ఆపరేషన్ థియేటర్‌కు తోసుకెళ్లారు. సర్జన్లకు రెండు గంటల గడువు దొరికింది.

2019 నవంబర్‌లో న్యూయార్క్‌లో శాస్త్రవేత్తల సభలో టిషర్మన్ ఈ సంగతి బయటపెట్టాడు. కనీసం ఒక మనిషిని ఆ స్థితిలోకి పంపామన్నాడు. మొదటిసారి చేసినప్పుడు నమ్మబుద్ధి కానట్టు అనిపించిందని చెప్పాడు. ఆ మాట అనేసరికి సఫార్, బెల్లమీల మాట మొదలై ముప్పై ఐదేళ్లు గడిచాయి.

ఇది ఇంకా ప్రయోగమే. మన జిల్లా ఆసుపత్రికి రేపో మాపో వచ్చేది కాదు. మన రోడ్ల మీద నెత్తురు మాత్రం రోజూ పోతోంది. 2022లో ఒక్క ఏడాదిలో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో ఎందరి చుట్టూ మూగిన జనం ఫోన్లు పట్టుకుని నిలబడ్డారో ఎవరూ లెక్క రాయలేదు.

రెండు డిగ్రీల సెలైన్ మీ దగ్గర ఉండదు. చేతులుంటాయి. నెత్తురు చిమ్ముతున్న చోట చేతికందిన శుభ్రమైన గుడ్డ పెట్టి, ఒంటి బరువంతా వేసి నొక్కండి. గుడ్డ తడిస్తే తీసేయకండి, దాని మీదే ఇంకొకటి పెట్టండి. తగ్గిందా అని మాటిమాటికీ ఎత్తి చూడకండి. పక్కవాళ్ల చేత 108కి ఫోన్ చేయించండి. కేసు మీ మీదికి వస్తుందని భయపడకండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ సాయం చేసినవాళ్లను కాపాడుతుంది, పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు. అంబులెన్స్ వచ్చి, అందులోవాళ్లు మీ చేతుల స్థానంలో వాళ్ల చేతులు పెట్టేదాకా ఆ గుడ్డ మీద నుంచి చెయ్యి తియ్యకండి.